అమ్మమ్మ చట్రం చుట్టుకొలత

మొన్న గురువారం పదకొండున్నరకి వస్తానన్న హారిక పన్నెండూ పదికి వచ్చింది. శృంగవరపుకోట నుంచి విజయనగరానికి బస్సు ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు కాబట్టి, ఆలస్యమెందుకైందని గుమ్మంలోనే అడిగాను. "అరగంటే కదా మామ్మా, సెరుకురసం తాగేను" అంది. అరగంట కాదు, నలభై నిమిషాలు అన్నాను. హారిక మా తమ్ముడి మనవరాలు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడు చదువుతోంది. నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన దాన్ని. మా వాళ్ళలో ఎవరు ఏ చదువు చదివినా, అందులో లెక్క అన్నది ఉంటే ఒకసారి నా కళ్ళముందు పెట్టి వెళ్ళడం ఆనవాయితీ. హారిక కూడా తన ప్రాజెక్టు కాగితాలు, లాప్‌టాప్ పట్టుకుని అందుకే వచ్చింది. సోమవారం పరీక్షకులు వస్తారట. వాళ్ళ ముందు నిలబడి, విశ్వం ఎంత వేగంగా సాగుతోందో చెప్పాలట.

విషయం నాకు అర్థమైనంత మేరకు రాస్తాను. విశ్వం సాగుతోందన్న దాంట్లో పేచీ లేదు, ఎంత వేగంగా అన్నదే పేచీ. ఒక వర్గం వాళ్ళు దగ్గరి నక్షత్రాల దూరం కొలుస్తారు. వాటి ఆధారంతో ఇంకాస్త దూరంగా ఉన్నవాటిని, వాటి ఆధారంతో మరీ దూరంగా ఉన్న గెలాక్సీలను, నిచ్చెన మెట్లెక్కినట్టు కొలుచుకుంటూ పోతారు. వాళ్ళకి డెబ్బై మూడు వస్తోంది. అంటే, సుమారు ముప్పై రెండున్నర లక్షల కాంతి సంవత్సరాల దూరం పెరిగినకొద్దీ, గెలాక్సీలు మన నుంచి జరిగిపోయే వేగం సెకనుకి డెబ్బై మూడు కిలోమీటర్ల చొప్పున పెరుగుతుందని. రెండో వర్గం వాళ్ళు విశ్వం పసితనంలో బయలుదేరి ఇప్పటికీ ఆకాశమంతా పరుచుకుని ఉన్న వెలుగును పట్టుకుంటారు. అందులోని అతి సన్నటి హెచ్చుతగ్గుల్ని చదివి, సిద్ధాంతం ప్రకారం ఈనాటికి వేగం ఎంత ఉండాలో లెక్కకడతారు. వాళ్ళకి అరవై ఏడు. తమ కొలతలో తప్పు ఎంతవరకు ఉండొచ్చో ఇద్దరూ నిజాయితీగా చెబుతారు. ఆ మేరకు అటూ ఇటూ జరిపి చూసినా రెండూ కలవవు. నిచ్చెనలో ఏదో మెట్టు వదులుగా ఉందని కొందరు, మెట్లన్నీ గట్టివే, సిద్ధాంతంలోనే మనకు తెలియనిదేదో వదిలేశామని కొందరు. తేడా నూటికి దాదాపు తొమ్మిది పాళ్ళు. తొమ్మిది పాళ్ళ తేడా అంటే నా క్లాసులో సున్నా మార్కులు.

కాగితాలు తిప్పుతూ పోతే చివరి పేజీలో, ముగింపు అన్న చోట, డెబ్బై అని ఉంది.

"ఇదెక్కడిదే?" అన్నాను.

"రెండూ కలిపి రెండుతో భాగించీసేను మామ్మా. మధ్యన ఉంటే ఎవులూ తిట్టరు గదా."

"డెబ్బై దగ్గర వచ్చిన కొలత ఒకటి ఉందని నాలుగో పేజీలో నువ్వే రాశావు కదా."

"అవును. అది వేరే రకం నక్షత్రాల్తోటి కొలిసినోలది."

"మరి వాళ్ళది కొలిచి తెచ్చుకున్న డెబ్బై. నీది భయపడి తెచ్చుకున్న డెబ్బై."

పిల్ల మొహం చిన్నబోయింది. "ఏ పక్షమో సెప్పమంటారు మామ్మా. ఒకలు ఇటంటారు, ఒకలు అటంటారు. నాకు తెల్దు అంటే నవ్వుతారు. రెండేళ్ళు సదివి తెల్దు అనడానికా?" అంది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయని నేను చూసినట్టు కనబడకుండా, అటకమీద పాత చీరలో చుట్టి ఉన్న చట్రాన్ని దించమన్నాను. స్టూలెక్కి దించింది. దుమ్ముకి ఏడుసార్లు తుమ్మింది.

ఆ చట్రం మా అమ్మమ్మది. పొందూరులో ఆవిడ సన్ననూలు వడికేది. మా తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకి జబ్బు చేస్తే నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. రెండేళ్ళ మూడు నెలలు అక్కడున్నాను. ఆ ఇల్లు తలుచుకుంటే ముందు వాసనే వస్తుంది. పత్తిని శుభ్రం చేయడానికి అమ్మమ్మ వాలుగ చేప దవడ ఎముక వాడేది. దాని పళ్ళు ఏ దువ్వెన పళ్ళకన్నా సన్నం. వాటి మధ్య నుంచి లాగితే నలకంతా ఆగిపోయి, పోగు మాత్రం తెల్లగా జారి వచ్చేది. ఎన్నిసార్లు బూడిదతో తోమినా ఆ దవడకి ఎండుచేప వాసన పోదు. దువ్విన పత్తితో చేసిన ఏకుల్ని ఎండిన అరటిదూటలో దాచేది, ఆరిపోయి పెళుసెక్కకుండా. అందులోంచి తీస్తే మగ్గీ మగ్గని పండు వాసన. కదురుకి రాసిన ఆముదం ఒకటి. పొద్దున్న నుంచి ఈ మూడు వాసనల్లో కూర్చుని, పొద్దు నడినెత్తికొచ్చాక చోడంబలిలో పచ్చి ఉల్లిపాయ నంజుకుని, మళ్ళీ రాట్నం దగ్గరికే. అమ్మమ్మ వడుకుతూ మాట్లాడేది కాదు. మాట్లాడితే పోగు లావవుతుందని ఆవిడ నమ్మకం. అందుకే ఆవిడ మాటలన్నీ నూలు చుట్టేటప్పటికి దాచుకునేది.

నూలు చుట్టడమంటే కదురు మీది నూలును చట్రం మీదకి ఎక్కించి చిలప అనే నూలుకట్ట చేయడం. నాలుగు చేతుల కర్ర చట్రం, ప్రతి చేతి చివరా ఒక కర్రమేకు. నూలు ఆ నాలుగు మేకుల చుట్టూ తిరుగుతుంది. ఒక చుట్టుకి నాలుగడుగులు. ఆరువందల నలభై చుట్లయితే ఒక చిలప. అమ్మమ్మకి చూపు మసకబారుతోంది కాబట్టి, నేను వెళ్ళిన నెలలోనే చుట్లు లెక్కపెట్టే పని నాకు వచ్చింది. నలభై చుట్లకి ఒక చింతగింజ పక్కన పెట్టాలి. పదహారు గింజలయితే నూలు తెంపాలి. నా జీవితంలో నాకు అప్పగించిన మొదటి ఉద్యోగం అది. ఒక్క చుట్టు తప్పితే మొత్తం విప్పి మళ్ళీ చుట్టించేదాన్ని. "ఓలమ్మ, నీ సేదస్తం కూలా, ఆగే. బువ్వ సల్లారిపోతన్నాది" అని అమ్మమ్మ మొత్తుకునేది.

చిలపల్ని బుధవారం బుధవారం నూలు కేంద్రంలో ఇవ్వాలి. అక్కడ చిలప తూచి నూలు ఎంత సన్నమో తేలుస్తారు. పొడవు అందరిదీ ఒకటే కాబట్టి, తూకం ఎంత తగ్గితే నూలు అంత సన్నమన్నమాట, నెంబరు అంత పెద్దది. అమ్మమ్మది నూరో నెంబరు. తొంభై అయిదు దాటినవాళ్ళ పేర్లు కేంద్రం గోడమీద ఒక పలక మీద రాసి ఉండేవి. పొందూరంతటికీ పదకొండు పేర్లు. మూడో పేరు మా అమ్మమ్మది. ఆవిడకి చదువు రాదు, అయినా ఆ మూడో వరుసలో ఉన్నది తన పేరని తెలుసు. వెళ్ళిన ప్రతిసారీ పైటచెంగుతో దానిమీద దుమ్ము తుడిచేది, పక్కవాళ్ళ పేర్ల మీద కూడా తుడిచేది కానీ తనది కొంచెం ఎక్కువసేపు.

ఆ ఏడు కేంద్రానికి కొత్త గుమస్తా వచ్చాడు, కొత్త తక్కెడ వచ్చింది. పాతాయన వేళ్ళతో నలిపి చూసి నూరు అని రాసేసేవాడు. ఈయన తూచాడు. తొంభై నాలుగు అన్నాడు. తరవాతి బుధవారమూ తొంభై నాలుగే. "పెద్దమ్మా, కళ్ళు కనబడకపోతే ఏం చేస్తాం చెప్పండి. ఇంకో రెండు వారాలు చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పలక మీద పేరు తీసేసి లావునూలుకి మార్చాల్సి వస్తుంది" అన్నాడు. మంచివాడే, మర్యాదగానే చెప్పాడు. అమ్మమ్మ ఇంటికి వస్తూ దారిలో తన బొటనవేలినీ చూపుడువేలినీ ఒకదానితో ఒకటి రాసుకుంటూ వచ్చింది.

మగ్గం నేసే చిన్నతాత, అంటే అమ్మమ్మని 'అప్పా' అని పిలిచే ఆవిడ తమ్ముడు, ఆ సాయంత్రం వచ్చి చీపురుపుల్లకి ఆ నూలు పక్కపక్కగా చుట్టి, తన బొటనవేలి గోరు వెడల్పులో ఎన్ని పోగులు పట్టాయో లెక్కపెట్టాడు. ఆయన కొలత అదే. "అప్పా, ఎప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఒక్క పోగు తేడా నేదు. ఆ తక్కెడే బాగునేదు" అన్నాడు. తక్కెడ కొత్తది, బాగాలేకపోవడమేమిటని అమ్మమ్మ. ఇద్దరూ కాసేపు వాదించుకుని నా వైపు చూశారు. "గుంట లెక్క తప్పుతన్నాదేమో" అన్నాడు చిన్నతాత. నా ఒళ్ళు మండిపోయింది. ప్రపంచంలో ఏది తప్పినా నా లెక్క తప్పదని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళు నాకు.

అయినా ఆ వారం నేనొక పని చేశాను. చిలప బరువుగా ఉందంటున్నారు కదా, చుట్లు తగ్గిస్తే సరి అనుకున్నాను. ఒక్క గింజ. పదహారో గింజని నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకున్నాను. పదిహేను గింజలకే నూలు తెంపమన్నాను. అలా మూడు చిలపలు. బుధవారం గుమస్తా తూచి, మళ్ళీ తూచి, "నూరు! నేనే పొరబడ్డాను పెద్దమ్మా" అని నవ్వాడు. అమ్మమ్మ పలక తుడిచింది. దారిలో నాకు బెల్లం జీళ్ళు కొనిపెట్టింది. వాటి రుచి నాకు గుర్తులేదు, తినలేకపోయానన్నది గుర్తుంది.

మర్నాడు నాలుగో చిలప చుట్టి చట్రం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాక అమ్మమ్మ కదల్లేదు. చిలపని అరచేతిలో అటూ ఇటూ ఊపింది. "ఒసే గుంటా, గింజలు లెక్కెట్టు" అంది. పదిహేను. "పదారోది ఏదే?" నేను తల వంచుకున్నాను. "నోరు తెరు." తెరిచాను.

ఆవిడ కొట్టలేదు. కొడితే బాగుండేది. గింజ తీసి కడిగి మిగతావాటిలో కలిపింది. "ఎందుకు సేసేవు?" అంది. నీ పేరు తీసేస్తారని, అన్నాను. "నా పేరుకోసం నా నూలుసేత అబద్దమాడించేవేటే" అంది, అంతే. బుధవారం వరకు ఆగకుండా అప్పుడే నన్ను చెయ్యిపట్టుకుని కేంద్రానికి తీసుకెళ్ళి గుమస్తాతో, "బాబూ, నిన్నటి మూడు సిలపలూ పొట్టివి. నలబయ్యేసి సుట్లు తక్కువ. ఎనక్కిచ్చీ" అని చెప్పింది. ఆయన కంగారుపడ్డాడు. "ఏమిటి పెద్దమ్మా, బాగున్నాయని రాసేశాను కదా, మీరే కాదంటే ఎలా?" "ఉన్నది రాయి బాబూ." ఆయన నూరు కొట్టేసి మళ్ళీ తొంభై నాలుగు రాశాడు. ఇంక ఒక్క బుధవారమే మిగిలింది. ఇంటికి వచ్చాక గింజలు నాకివ్వలేదు. తనే, ఆ మసక కళ్ళతోనే, పైకి లెక్కపెట్టుకుంటూ చుట్టుకుంది. రెండు రోజులు నేను ఆ గదిలో ఉద్యోగం పోయినదానిలా కూర్చున్నాను.

శనివారం చిన్నతాత మళ్ళీ వచ్చాడు. ఆయనకి కోపం తగ్గలేదు. "నీ మొదటి ఏడు సిలప దాసేవు గదా అప్పా, అది తియ్యి. అదీ ఇదీ పక్కపక్కనెట్టి సూద్దాం" అన్నాడు. చట్రం కొత్తగా చేయించినప్పుడు చుట్టిన మొదటి చిలపని అమ్మమ్మ అరటిదూటలోనే దాచుకుంది. పసుపు రంగుకి తిరిగింది కానీ చెక్కుచెదరలేదు. రెండిటినీ గోడకున్న ఒకే మేకుకి తగిలించారు. చిన్నతాత ఒకదాని పోగు తీసి, ఇంకోదాని పోగు తీసి పుల్లకి చుట్టాడు. రెండూ సమానం. "నూలు సరే. తక్కెడా సరే అంటన్నావు. సుట్లు ఇప్పుడు నువ్వే లెక్కెడతన్నావు. మరింకేటున్నాదే తప్పడానికి?" అని నెత్తి గోక్కున్నాడు. నేను కింద నేలమీద కూర్చుని ఉన్నాను కాబట్టి నాకు చిలపల అడుగుభాగం కనబడుతోంది. రెండు చిలపల అడుగులూ ఒకచోట లేవు. కొత్తది కిందికి వేలాడుతోంది.

స్కూలు పెట్టెలోంచి స్కేలు తెచ్చి కొలిచాను. పాతది ఇరవై నాలుగంగుళాలు. కొత్తది ఇరవై అయిదున్నర. చుట్టు నాలుగడుగులని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ కొలవని చుట్టు. చట్రం చుట్టూ ఒక దారం తిప్పి, తెంపి, నేలమీద పరిచి కొలిచాను. నలభై ఎనిమిది ఉండాల్సింది యాభై ఒకటి.

కారణం మా కళ్ళెదుటే ఉంది. ప్రతి దసరాకీ పనిముట్లకి పూజ చేసేటప్పుడు, అమ్మమ్మ ఆ ఏడు తన నూలుతో నేసిన మొదటి బట్ట అంచులోంచి పీలికలు చించి, పసుపులో ముంచి, చట్రం నాలుగు మేకులకీ బిగించి చుట్టేది. మిగతా వాళ్ళు పాతవి విప్పి కొత్తవి కట్టేవారేమో నాకు తెలియదు. అమ్మమ్మ మాత్రం విప్పేది కాదు. పోయిన ఏటిని విప్పకూడదనేది. పంతొమ్మిది దసరాలు, పంతొమ్మిది వరుసలు. మొదటివి తాత కట్టినవి, తరవాతివి ఆయన పోయాక ఆవిడ ఒక్కర్తీ కట్టినవి. ఒక్కో పీలిక ఎంత మందం ఉంటుంది, తమలపాకు పాటి. అలా అలా చట్రం ఒళ్ళు చేసింది. ఆవిడ నూలే బట్టయి, ఆ బట్టే ఆవిడ కొలతని ఏడాదికింత సాగదీసింది. నూలు సన్నమే, తక్కెడ నిజమే, నా చుట్లు నిజమే. చిలపే పొడుగు, అందుకే బరువు.

చిన్నతాత కత్తి తీశాడు. "కోసిపారేద్దాం అప్పా." అమ్మమ్మ చట్రాన్ని ఒళ్ళోకి లాక్కుంది. లోపలి పీలికల్ని వేలితో తడిమింది. నేను బొగ్గు తీసుకుని గోడమీద లెక్క వేశాను. ఆరువందల నలభైని నలభై ఎనిమిదితో హెచ్చవేసి యాభై ఒకటితో భాగిస్తే ఆరువందల రెండు, పైన ఒక చుట్టులో మూడోవంతు. "కొయ్యక్కర్లేదు అమ్మమ్మా. ఇకనుంచి ఆరువందల రెండు చుట్లు చాలు" అన్నాను.

అమ్మమ్మ నా వైపు చూసింది. "మొన్న నువ్వు సుట్టింది ఆరువందలు గదే?"

"అవును."

"రెండే తేడా."

"అవును."

"ఓలమ్మ దొంగముండా" అని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "అప్పుడు నీకెందుకో తెల్దు. ఇప్పుడు తెలిసింది. అదే తేడా. రెండు సుట్లు కాదు" అని చింతగింజల మూకుడు నా ముందుకి తోసింది.

బుధవారం చట్రాన్ని నెత్తిమీద పెట్టుకుని కేంద్రానికి వెళ్ళింది. గుమస్తా టేపు పెట్టి తనే కొలిచాడు. మా కొత్త చిలపలు తూచాడు. నూరు. పలక మీది మూడో వరుస అలాగే ఉంది. మేము వచ్చేస్తుంటే నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన తన తక్కెడ పళ్ళేనికి దసరానాడు పెట్టిన పసుపు, కుంకుమ బొట్లని గోటితో మెల్లగా గీకుతున్నాడు.

ఆ తరవాత ప్రతి దసరాకీ, నేను విజయనగరం వచ్చేశాక కూడా, పీలిక కట్టగానే వెళ్ళి చుట్టు కొలిచి, ఎన్ని చుట్లో లెక్కగట్టి పుస్తకంలో రాసి వచ్చేదాన్ని. ఇంకో పన్నెండు పీలికలు కట్టింది అమ్మమ్మ. పుస్తకంలో చివరి పద్దు ముప్పై ఒకటో పీలిక, యాభై రెండూ ముప్పావు అంగుళాలు, అయిదువందల ఎనభై రెండు చుట్లు. ఇప్పుడా లెక్క హారిక లాప్‌టాప్ రెప్పపాటులో చేస్తుంది. నాకు బొగ్గు అరిగిపోయేది. కానీ అప్పుడూ ఇప్పుడూ మనిషి అన్నిటికన్నా చివర కొలిచేది తన కొలబద్దనే అనిపిస్తుంది. ఆకాశం సంగతిలో కూడా అలాగే అయి ఉంటుందని నేననడం లేదు. అక్కడ నిచ్చెనే తప్పో, సిద్ధాంతమే చాలదో నాకు తెలియదు. మా తేడా ఆరుంపావు పాళ్ళు, వాళ్ళది దాదాపు తొమ్మిది. మాకు గోడమేకు చాలింది, వాళ్ళకి చాలదు.

హారిక అంతా విని, చట్రంతో పాటే చుట్టి ఉన్న ఆ పుస్తకంలో చివరి పద్దు చూసి, నా స్టీలు టేపు తీసుకుని చట్రం కొలిచింది. "మామ్మా, యాభై రెండున్నరే ఉన్నాది. నువ్వు తప్పు రాసేవు" అంది. నేను తప్పు రాయలేదన్నాను. మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ యాభై రెండున్నర. బట్ట చివికి అణిగిందో, కర్ర ఎండిందో, ఆనాడు నేను దారంతో కొలిచిన పద్ధతిలో లోపమో.

"మరేది ఉంచమంటావు?" అని అడిగింది.

కలం ఇచ్చాను. నా పద్దు కొట్టేయకుండా, దాని కింద రాసింది. యాభై రెండున్నర, స్టీలు టేపుతో, మూడుసార్లు, హారిక, గురువారం. తరవాత లాప్‌టాప్ తెరిచి ఆ డెబ్బై తీసేసింది. డెబ్బై మూడు ఒకచోట, అరవై ఏడు ఒకచోట, కొలిచి తెచ్చుకున్న డెబ్బై ఇంకోచోట, ఎవరు దేనితో కొలిచారో సహా పెట్టింది. ముగింపులో ఒకటే వాక్యం, ఇవి ఎందుకు కలవడం లేదో ఇంకా తెలియదని. దాని కింద, తెలుసుకోవడానికి ఏమేం కొలిచి చూడాలో ఒకటిన్నర పేజీ. నేను రెండు కూడికలు దిద్దాను.

సోమవారం ఫోన్ చేసింది. ఒకాయన నవ్వాడట. మిగతా ఇద్దరూ నవ్వలేదట, అడుగుతూనే ఉన్నారట.

"ఎంతసేపు?" అన్నాను.

"నలబై నిమిషాలు మామ్మా" అంది. నేను నోరు తెరిచేలోగా తనే, "ఆగు, ఆగు, సూసుకున్నాను. నలబై రెండు" అంది.